చీటీలో రాసినా చేతికి రాని సీసా



ఈ నెల ఈ పేజీలో ఒక చిన్న సీసాను గూర్చి మాట్లాడదలచాము. కంట్లో పెట్టుకొనే కాంటాక్టు లెన్సులను కడిగి, నానబెట్టి, క్రిములు చేరకుండా ఉంచే మందునీళ్ళ సీసా అది. వాడేవారు దానిని ‘సొల్యూషన్’ అంటారు. “లెన్సులు సినిమావాళ్ళు పెట్టుకొనేవి గదా, వాటి సీసాతో మన కుటుంబ పత్రికకు పనేమి?” అని కొందరికి తోచవచ్చు. సరిగ్గా ఆ తలంపును గూర్చే ఈ వ్యాసం. మందుల జాబితాలు తయారుచేసేవారిలోనూ చాలాకాలంగా ఆ తలంపే ఉన్నట్లు కనబడుతుంది. దానివలన నష్టపోతున్నది సినిమావాళ్ళు కారు. మంగళగిరి మగ్గాల ఇళ్ళలోను, దుగ్గిరాల, తెనాలి వైపు పొలం పనుల్లోను ఉన్న మన బిడ్డలు.

ఎవరికి అలంకారం, ఎవరికి అవసరం

కనుగుడ్డుకు ముందు గడియారపు అద్దంలాంటి పలుచని పొర ఒకటి ఉన్నది. దానిని కార్నియా అంటారు. అది నున్నగా, గుండ్రంగా ఉన్నంతకాలం చూపు చక్కగా ఉంటుంది. కొందరు పిల్లలకు పద్నాలుగు పదిహేనేళ్ళ ప్రాయంలో ఆ పొర పలుచబడి, ముందుకు పొడుచుకొని వచ్చి, గోపురం మొనలాగా తయారవుతుంది. ఈ జబ్బు పేరు కెరటోకోనస్. అక్షరం పక్కన నీడలాగా మరో అక్షరం కనబడుతుంది. రాత్రిపూట బండ్ల దీపాలు చెదిరి చుక్కలు చుక్కలుగా అగపడతాయి. ఆరు నెలలకొకసారి కళ్ళజోడు మార్చినా చూపు కుదురుకోదు. ఎలర్జీ వలన దురదపెట్టి పిల్లలు కళ్ళను అదేపనిగా నలుపుకొంటే ఈ జబ్బు ముదురుతుంది. కనుక కళ్ళు నలిపే అలవాటున్న బిడ్డను కసిరి ఊరుకోక, కంటి డాక్టరుకు చూపించటం మంచిది.

ఇటువంటివారికి కళ్ళజోడు ఒక దశ దాటితే పనిచేయదు. గతుకుల గచ్చు మీద నీళ్ళు పోస్తే పల్లాలన్నీ నిండి పైన మట్టంగా కనబడుతుంది గదా! గట్టి లెన్సు చేసే పని అదే. లెన్సుకూ కార్నియాకూ మధ్య కన్నీరు నిండి, ఎగుడుదిగుళ్ళు సర్దుకొంటాయి. వెలుతురుకు నున్నని తలం దొరుకుతుంది. బోర్డు మీద పెద్ద అక్షరం కూడా చదవలేని బిడ్డ, లెన్సు పెట్టిన క్షణంలో కింది వరుసలు చదివేస్తాడు. రైబోఫ్లావిన్ అనే విటమిను చుక్కలు వేసి, అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి కార్నియాను గట్టిపరచే చికిత్స ఒకటి 2003 ప్రాంతం నుండి వ్యాప్తిలోకి వచ్చింది. అది జబ్బు ముదరకుండా ఆపుతుంది. అయితే పోయిన చూపును పూర్తిగా తెచ్చి ఇవ్వదు. అటు తరువాత కూడా చాలామందికి లెన్సు తప్పదు.

ఇంకా కొందరున్నారు. కార్నియా మార్పిడి జరిగినవారు. పుట్టుకతో శుక్లాలు ఉండి, ఆపరేషను చేసి కంటిలోని సహజ కటకాన్ని తీసివేసిన పసిబిడ్డలు. మన డెల్టాలో నూర్పిళ్ళనాడు వడ్లపొట్టో వరి ఆకో కంటికి తగిలి, బూజు పట్టి పుండై, ఆ పుండు మానిన తరువాత కంట్లో పువ్వు మిగిలినవారు. వీరిలో తగినవారికి డాక్టర్లు లెన్సు రాస్తారు. వీరిలో ఎవరూ షోకు కోసం లెన్సు పెట్టుకొనేవారు కారు.

చీటీ ఉంటే ఇవ్వరా?

మంగళగిరికి ఇప్పుడు వైద్యంలో కొదువ లేదు. 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అనగా ఎయిమ్స్, 2019 మార్చిలో ఇక్కడ ఓపీ సేవలు మొదలుపెట్టింది. 2024 ఫిబ్రవరి 25న ప్రధానమంత్రి దానిని జాతికి అంకితం చేశారు. కృష్ణ దాటితే విజయవాడ తాడిగడపలో 2011 నుండి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నది. హైదరాబాదులో 1987లో ప్రారంభమైన ఈ సంస్థ డబ్బు కట్టలేనివారికి ఉచితంగా చూస్తుంది. విజయవాడలోను, గుంటూరులోను ప్రభుత్వ సర్వజనాసుపత్రులు ఉన్నాయి. జబ్బు గుర్తించటానికి, ఆపరేషనుకు దూరాభారం పోనవసరం లేదు.

అయితే ఒక సంగతి మన ఇళ్ళలో చాలామందికి తెలియదు. డాక్టరు చీటీ మీద రాసినదంతా ప్రభుత్వ ఆసుపత్రి మందుల కిటికీలో దొరకదు. ఆ కిటికీలో ఏమి దొరకాలో ఒక జాబితా నిర్ణయిస్తుంది. రాష్ట్ర ఆసుపత్రులకు మందులు కొనే బాధ్యత ఏపీఎంఎస్ఐడీసీ అనే సంస్థది. అది కూడా జాబితా ప్రకారమే కొంటుంది. దేశం మొత్తానికి అత్యవసర ఔషధాల జాతీయ జాబితా ఒకటున్నది. మొదటిది 1996లో వచ్చింది. 2022లో సవరించిన జాబితాలో 384 మందులున్నాయి. కంటి పొడి తగ్గించే చుక్కలు అందులో ఉన్నాయి. కంట్లో బూజు పుండుకు వేసే నాటమైసిన్ చుక్కలున్నాయి. ఆ పుండు రాకుండా లెన్సును శుభ్రంగా ఉంచే సొల్యూషన్ లేదు. రోగం వచ్చిన తరువాత మందు ఇస్తాము, రాకుండా కాపాడేది మీరే కొనుక్కోండి అన్నట్లున్నది.

ఇది ఎందుకిలా జరిగిందో ఆలోచిస్తే మాకు ఒక విచిత్రం కనబడింది. మన దేశం సహా అనేక దేశాలు పాటించే సుంకాల పట్టికలో 33వ అధ్యాయం అత్తరులు, సౌందర్య సాధనాలకు సంబంధించినది. ఏయే వస్తువులు ఆ లెక్కలోకి వస్తాయో చెప్పే వివరణలో సువాసన సంచులు, వెలిగిస్తే పరిమళించే వస్తువులు, పెంపుడు జంతువులకు పూసే సామగ్రి, వీటి వరుసలోనే ‘కాంటాక్టు లెన్సు లేక కృత్రిమ కంటి సొల్యూషన్లు’ అని కూడా ఉన్నది. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరాలన్నిటిని ఔషధాల చట్టం పరిధిలోకి తెచ్చారు గాని, సుంకాల పుస్తకంలో ఆ సీసా ఇంకా అత్తరు సీసాల పక్కనే కూర్చున్నది.

పథకాల సంగతి చూద్దాం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్నది, ముఖ్యంగా ఆసుపత్రిలో జరిపే చికిత్సలకు, ఆపరేషన్లకు ఉద్దేశించినది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా ఆసుపత్రిలో చేరినవారికే. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నుండి ఉన్నది. దాని ద్వారా శుక్లాల ఆపరేషన్లు జరుగుతాయి, బడిపిల్లలకు కళ్ళజోళ్ళు ఇస్తారు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభమైన కంటి వెలుగు కూడా మొదటి దశలో బడిపిల్లలకు పరీక్షలు జరిపి కళ్ళజోళ్ళు ఇచ్చింది. ఇవన్నీ మెచ్చుకోదగ్గ పనులే. కాని కళ్ళజోడు ఒకసారి ఇస్తే ఏడాది రెండేళ్ళు నిలుస్తుంది. ఆపరేషను ఒకసారి చేస్తే లెక్కలో ఒకటి పడుతుంది. సీసా అలా కాదు. అయిపోయిన ప్రతిసారీ కొనాలి. మన పథకాలకు ఒకేసారి చేసే మేలు చేయటం తెలుసు గాని, నెలనెలా చేసే మేలు చేయటం ఇంకా బాగా అలవాటు కాలేదు.

ఈ మాట ప్రభుత్వాన్నే ఉద్దేశించి అనటం లేదు. మన దానధర్మాల పద్ధతీ అంతే. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కెనడా మిషనరీ డాక్టరు బెన్ గల్లిసన్ గారు కంటి ఆసుపత్రి నడిపారు. ఆయన కెనడా వెళ్ళినప్పుడు, ఇరవై ఐదు డాలర్లతో ఒకరికి చూపు తెప్పించవచ్చునని విని కదిలిపోయిన కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్, 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థకు పునాది వేశారు. ఒక కానుక, ఒక కన్ను. ఆ లెక్క అందరి హృదయాలను తాకింది, ఎందరికో వెలుగునిచ్చింది. “ఈ బిడ్డకు పదేళ్ళపాటు సీసాలు కొనిపెట్టండి” అంటే అంత త్వరగా చేతులు లేవవు.

సీసాను సాగదీస్తే

మంగళగిరిలో మాకు తెలిసిన ఒక నేత కుటుంబం ఉన్నది. తండ్రి గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. డిగ్రీ చదువుతున్న కుమారుడికి రెండు కళ్ళలోను కెరటోకోనస్. ఒక ఆసుపత్రివారు గట్టి లెన్సులు తక్కువ ధరకు ఇప్పించారు. బిడ్డ మళ్ళీ పుస్తకం పట్టాడు. చీటీలో సొల్యూషన్ కూడా రాసి ఇచ్చారు. మందుల కిటికీలో చుక్కల మందు ఇచ్చి, సీసా పేరు దగ్గర గీత గీసి, “ఇది బయట కొనుక్కోండి” అన్నారు. ఒక్కో సీసా కొన్ని వందల రూపాయలు. వానాకాలం నూలు తడిసి, మగ్గం సరిగా సాగని నెలల్లో ఆ వందలే భారం.

ఇంట్లోవారిని ఇబ్బంది పెట్టటం ఇష్టం లేక ఆ బిడ్డ సీసాను సాగదీయటం మొదలుపెట్టాడు. నిన్నటి సొల్యూషన్ పారబోయకుండా దానిమీదే నాలుగు చుక్కలు కలిపేవాడు. తరువాత కాచి చల్లార్చిన నీళ్ళు కలిపాడు. ఒకనాడు కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, నొప్పితో రాత్రంతా కూర్చున్నాడు. తెల్లవారి ఆసుపత్రికి తీసుకొని పోయారు గనుక కన్ను దక్కింది. కార్నియా అంచున చిన్న మచ్చ మాత్రం మిగిలింది. నెలన్నరపాటు గంటగంటకు వేసిన చుక్కల ఖర్చు, ప్రయాణాలు, తండ్రి మగ్గం దిగిన రోజులు, అన్నీ కలిపితే ఎన్ని సీసాలు వచ్చేవో ఆ తల్లి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. మేము ఏమీ మాట్లాడలేకపోయాము.

ఆ బిడ్డ చేసినది మూర్ఖత్వం అని అనటం తేలిక. చదువుకొన్న దేశాల్లోనూ ఇదే జరిగింది. 1980లలో అమెరికాలో చాలామంది ఉప్పు బిళ్ళలు శుద్ధజలంలో కరిగించి ఇంట్లోనే లెన్సు నీళ్ళు తయారుచేసుకొన్నారు. అకాంథమీబా అనే కంటికి కనబడని క్రిమి వారి కళ్ళలో చేరింది. అది మామూలు కుళాయి నీళ్ళలోను, మట్టిలోను ఉండేదే. కార్నియాలో చేరితే నెలల తరబడి మందులు వేసినా లొంగదు, కొందరికి చూపే పోతుంది. ఇక 2006లో బాష్ అండ్ లాంబ్ కంపెనీ తన రెన్యూ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్‌ను ప్రపంచమంతటా వెనక్కు తీసుకొన్నది. దానిని వాడినవారిలో బూజు పుండ్లు ఎక్కువగా కనబడటమే కారణం. కంపెనీ తయారుచేసిన సీసాలోనే తేడా వస్తే ఇంత జరిగినప్పుడు, నీళ్ళు కలిపిన సీసాను గూర్చి వేరే చెప్పాలా?

శానిటోరియం స్థలం చెప్పే పాఠం

మంగళగిరి ఎయిమ్స్ కట్టిన స్థలం ఒకప్పుడు క్షయ రోగుల శానిటోరియంది. ఆ రోజుల్లో టిబి అంటే ఇల్లు గుల్ల అయ్యేది. మందులు కొనలేక మధ్యలో మానేసినవారికి జబ్బు తిరగబెట్టేది. మధ్యలో ఆగితే అసలుకే మోసమని గ్రహించి, ప్రభుత్వం టిబి మందులను చికిత్స ముగిసేదాకా ఉచితంగా ఇస్తున్నది. అంతటితో ఆగలేదు. తిండి లేకపోతే మందు పనిచేయదని 2018 ఏప్రిల్ నుండి పోషకాహారానికి నెలకు 500 రూపాయలు ఇచ్చి, 2024 నవంబరు నుండి దానిని 1,000 చేసింది. గుడ్డు, పప్పు మందులు కావు. అయినా మందు పనిచేయటానికి అవి కావాలని ప్రభుత్వం ఒప్పుకొన్నది. లెన్సు పనిచేయటానికి సొల్యూషన్ కావాలని ఒప్పుకోవటం అంతకంటె కష్టమా?

మరొక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దృష్టిలోపాన్ని కొలిచేటప్పుడు, సాధ్యమైనంత మంచి దిద్దుబాటుతో మెరుగైన కన్ను ఎంత చూస్తుందో చూస్తుంది. లెన్సు పెట్టుకొంటే మన నేతన్న కుమారుడికి 6/18 కంటె మెరుగైన చూపు ఉన్నది. కనుక అతడు ఆ లెక్కలోకి రాడు. రాష్ట్రంలో 2024 జులై నుండి నెలకు 6,000 రూపాయలుగా ఉన్న వికలాంగుల పింఛనూ రాదు. న్యాయమే, చూపున్నవాడికి పింఛను ఎందుకు? కాని ఆ చూపు సీసాలో ఉన్నది. సీసా లేని నాడు అతడు చూపున్నవాడి లెక్కలోనూ లేడు, లేనివాడి లెక్కలోనూ లేడు.

ఇతర దేశాల్లో ఇది పూర్తిగా తీరిపోయిందని అనుకోవద్దు. ఇంగ్లండులో 1948 జులై 5న ఉచిత వైద్య సేవ ఆరంభమైనప్పుడు కళ్ళజోళ్ళు కూడా ఊరకే ఇచ్చారు. మూడేళ్ళు తిరగకముందే, 1951లో, వాటికి రుసుము పెడితే దానిని స్థాపించిన మంత్రి అనూరిన్ బెవన్ తన పదవికే రాజీనామా చేశారు. నేటికీ అక్కడ వైద్యావసరం ఉన్నవారికి ఆసుపత్రి ద్వారా లెన్సులు నిర్ణీత రుసుముపై ఇస్తారు గాని, సొల్యూషన్ చాలామంది సొంత డబ్బుతోనే కొనుక్కొంటారు. అంటే ధనిక దేశంలోనూ సీసా దగ్గరకు వచ్చేసరికి చేయి వెనక్కు పోతున్నది. అయితే అక్కడివారు సీసా కొనటానికి ఒక పూట కూలి వదులుకోనవసరం లేదు, అంతే తేడా.

మనము చేయదగినవి

1. డాక్టరు చీటీలో జబ్బు పేరు, లెన్సు అలంకారానికి కాక వైద్యావసరం కొరకు ఇచ్చారన్న సంగతి, సొల్యూషన్ రకం, నెలకు ఎంత కావాలో స్పష్టంగా రాయమని మర్యాదగా అడగండి. తరువాత ఏ అర్జీకైనా అదే ఆధారం.

2. ఆసుపత్రిలో సామాజిక సేవా విభాగం ఉంటే అక్కడికి వెళ్ళి పరిస్థితి చెప్పండి. మందుల కిటికీతో కథ ముగియదు. ఎయిమ్స్ వంటి ఆసుపత్రుల్లో అమృత్ మందుల దుకాణాలు తగ్గింపు ధరలకు అమ్ముతాయి. బయట కొనే ముందు అక్కడ ధర విచారించండి.

3. కలెక్టరు కార్యాలయంలో సోమవారంనాడు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ఒక్కరు కాదు, లెన్సు వాడే నాలుగైదు కుటుంబాలవారు కలిసి వెళ్ళండి. అడగవలసింది ధర్మం కాదు, వైద్యావసరం ఉన్నవారి సొల్యూషన్‌ను ఆసుపత్రి జాబితాలో చేర్చమని.

4. జాబితాలో ఉన్నదా లేదా అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. కేంద్ర సంస్థలకు రుసుము 10 రూపాయలు, తెల్లకార్డు కలవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

5. సీసా ఎంత ఖరీదైనా లెన్సుకు కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, కాచిన నీళ్ళు, ఉమ్మి తగలనివ్వవద్దు. నిన్నటి సొల్యూషన్ పారబోయండి, దానిమీద కొత్తది పోయవద్దు. సెలైన్ కడగటానికే గాని క్రిములను చంపదు. గట్టి లెన్సు సొల్యూషన్ వేరు, మెత్తని లెన్సుది వేరు. డబ్బీని మూడు నెలలకొకసారి మార్చండి. సీసా తెరచిన తేదీ దానిమీద రాసి, గడువు దాటితే వాడవద్దు.

6. కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, మసక కమ్మినా వెంటనే లెన్సు తీసివేసి ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. లెన్సును, డబ్బీని కూడా తీసుకొని వెళ్ళండి. ఇంట్లో ఉన్న పాత చుక్కలు వేయవద్దు.

7. సొల్యూషన్ లేని రోజున లెన్సు పెట్టుకోకపోవటమే మేలు. అందుకొరకు పాత కళ్ళజోడు పారవేయక దాచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు తాగటానికే మంచినీరు దొరకలేదు. అటువంటి దినముల కొరకు మూత తీయని సీసా ఒకటి పక్కన ఉంచుకోండి.

చివరిగా సంఘ పెద్దలకు ఒక మనవి. మంచి సమరయుని కథ మనం చిన్ననాటినుండి వింటున్నాము. గాయాలకు కట్లు కట్టిన సంగతి అందరికీ జ్ఞాపకం. కాని అతడు అంతటితో వెళ్ళిపోలేదు. పూటకూళ్ళవానికి సొమ్ము ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చి మరీ వెళ్ళాడు. కట్టు కట్టటం ఒకనాటి పని, ఆ మాట నెలనెలా నిలిచే పని. మేము చెప్పిన కుటుంబానికి ఇప్పుడు వారి సంఘంలోని యౌవనస్థులు నెలకు ఇంతని పోగుచేసి సీసా కొని ఇస్తున్నారు. ఇది మంచి ఏర్పాటే గాని, వారికి ఉద్యోగాలు వచ్చి తలా ఒక ఊరు వెళ్ళిపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. అందుచేత ఒక చేత్తో సీసా ఇస్తూనే, రెండవ చేత్తో అర్జీ రాయండి.

మీ సంఘంలో లెన్సు వాడే బిడ్డ ఉంటే, “లెన్సు బాగుందా?” అని అడగవద్దు. “సీసా ఉందా?” అని అడగండి.